నొప్పి చుట్టూ కూర్చున్నవాళ్లు

నాకు తెలిసినంతలో మత్తు డాక్టర్లలో కుస్తీ వస్తాదు ఒకే ఒక్కడు. పేరు జాన్ బొనికా. సిసిలీ పక్కన ఫిలికూడి అనే చిన్న దీవిలో 1917లో పుట్టాడు. పదేళ్ల వయసులో ఇంటిల్లిపాదితో న్యూయార్క్ చేరాడు. తండ్రి తొందరగా పోవడంతో బూట్లు పాలిష్ చేసి, పేపర్లూ పళ్లూ అమ్మి ఇల్లు నడిపాడు. మెడిసిన్ ఫీజులకి ఆ డబ్బు ఏం చాలుతుంది? అందుకని గోదాలోకి దిగాడు. సెలవుల్లో సంతల వెంట తిరిగి బలప్రదర్శనలిచ్చాడు. 1941లో లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ కొన్ని నెలలు ఆయన చేతిలోనే ఉంది. మాది విజయనగరం వైపు కాబట్టి ఈ కథ చదివినప్పుడల్లా నాకు మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తొస్తారు. ఆయన బలాన్ని సర్కస్ గుడారంలోకి తీసుకెళ్లారు, ఈయన ఆస్పత్రిలోకి.

డాక్టరయ్యాక కూడా కుస్తీ మానలేదు. కాకపోతే మొహానికి ముసుగు తగిలించుకుని, ‘మాస్క్‌డ్ మార్వెల్’ అనే పేరుతో దిగేవాడు. 1943లో భార్య ఎమ్మాకి కాన్పు నొప్పులొచ్చాయి. అనుభవం లేని కుర్ర డాక్టరు ఈథర్ ఇస్తుంటే ఆమెకి ఊపిరాడలేదు. బొనికా పరిగెత్తుకెళ్లి గొంతులో అడ్డం తీసి బతికించుకున్నాడు. ఆ తర్వాత ఆయన మత్తు వైద్యంలో, ముఖ్యంగా కాన్పు నొప్పులకిచ్చే ఎపిడ్యూరల్ మీద అంత పట్టుదలగా పనిచేశాడంటే కారణం వెతకనక్కర్లేదు.

1944లో సైన్యం ఆయన్ని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా దగ్గరున్న మాడిగన్ ఆస్పత్రిలో మత్తు విభాగానికి పెద్దని చేసింది. అప్పటికి ఆయన వయసు 27. వేల పడకల ఆస్పత్రి, పసిఫిక్ యుద్ధం నుంచి ఓడల్లో దిగుతున్న క్షతగాత్రులు. గాయం మానిపోయింది, నొప్పి మానలేదు. కాలు తీసేశారు, లేని కాలు మండుతోందంటాడు. నరాలకి సూదులేసి మొద్దుబార్చడం బొనికాకి బాగా వచ్చు. అయినా కొందరికి పనిచేసేది కాదు, ఎందుకో తెలిసేది కాదు. పుస్తకాలు తిరగేస్తే 14,000 పేజీల్లో నొప్పికి దక్కినవి పదిహేడున్నర పేజీలని లెక్క చెప్తారు.

మొదట ఆయన కూడా అందరూ చేసేదే చేశాడు. నరాల డాక్టరుకి ఒక చీటీ, ఎముకల డాక్టరుకి ఒక చీటీ, మానసిక వైద్యుడికి ఒకటి. జవాబులొచ్చేవి. వాటిలో ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. చివరికి విసిగి, అందరం మధ్యాహ్నం భోజనానికి ఒకచోట కూర్చుందాం, కష్టమైన కేసులు అక్కడే మాట్లాడుకుందాం అన్నాడు. ‘మనిషిని మొత్తంగా చూడటం’ అని ఇవాళ పెద్ద మాటల్లో చెప్పే వైద్యంలో ఒక ముఖ్యమైన పాయ ఆ భోజనబల్ల దగ్గర మొదలైంది. అక్కడ వేదాంతమేమీ లేదు. ఒకరి అభిప్రాయం విన్నాక ఇంకొకరు తన అభిప్రాయం మార్చుకునే వీలుంది, అంతే. మన ఊళ్లలో ఏళ్ల తరబడి నడుం నొప్పితో ఉన్నవాణ్ణి చూడండి. స్కాన్ల సంచీ మోసుకుంటూ ఒక డాక్టరు ఉత్తరం ఇంకో డాక్టరుకి అందించే పోస్ట్‌మన్ అతనే. ఆ డాక్టర్లిద్దరూ ఎన్నడూ ఎదురుపడరు.

యుద్ధమయ్యాక బొనికా టకోమా జనరల్ ఆస్పత్రిలో ఇదే పద్ధతి పెట్టాడు. 1953లో నొప్పి నిర్వహణ మీద 1,500 పేజీలు దాటిన పుస్తకం రాశాడు. 1960లో సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వచ్చి నొప్పి క్లినిక్ తెరిచాడు. తోడుగా ఉన్న ఇద్దరిలో ఒకరు లోవెల్ వైట్ అనే న్యూరోసర్జన్, రెండోవారు డొరొతీ క్రౌలీ అనే నర్సు. నర్సు పేరు ఇక్కడ కావాలనే చెప్తున్నాను. రోగి రాత్రి ఎలా పడుకున్నాడో, మనవడు వచ్చినప్పుడు ఎలా లేచి కూర్చున్నాడో వార్డులో నర్సుకి తెలుస్తుంది, రౌండ్లకొచ్చే డాక్టరుకి తెలియదు.

సియాటిల్లో ఈ పద్ధతికి కొత్త మలుపు ఇచ్చింది సైకాలజిస్టు విల్బర్ట్ ఫోర్డైస్. డాక్టరు కాకపోవడం ఆయనకి కలిసొచ్చిందేమో. మూలిగితే నర్సు వస్తుంది, మందు వస్తుంది, భార్య కాళ్లు పడుతుంది. నాలుగడుగులు వేస్తే ఎవరూ పట్టించుకోరు. అలాంటప్పుడు మనిషి తెలియకుండానే దేనికి అలవాటు పడతాడు? ఫోర్డైస్ దీన్ని తిరగేశాడు. మందు నొప్పి వచ్చినప్పుడు కాదు, గంట కొట్టినట్టు వేళకి. రంగూ రుచీ కలిపిన తియ్యటి సిరప్‌లో మందు పోసి, తగ్గిస్తామని రోగికి ముందే చెప్పి, ఏ రోజు ఎంత తగ్గిందో తెలియకుండా మెల్లమెల్లగా తగ్గించేవారు. వ్యాయామం నొప్పి పుట్టేదాకా కాదు, అంతకు ముందే ఆపాలి. రేపు కొంచెం ఎక్కువ. నడిచిన దూరం గ్రాఫు గీసి రోగి కళ్లెదుటే పెట్టేవారు, దాన్ని చూసి మెచ్చుకునేవారు. మూలుగుకి మాత్రం పలకరింపు లేదు. ఇంటివాళ్లకీ ఇదే నేర్పేవారు.

మొదట చదివినప్పుడు నాకిది కర్కశంగా తోచింది. ‘అయ్యో’ అననివ్వకపోతే ఇంకేం సంసారం? కానీ మా వైపు మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన పెద్దావిడ ఉంటే ఏం చేస్తాం? చెంబుడు నీళ్లు కూడా ఆవిణ్ణి ముంచుకోనివ్వం. ప్రేమతోనే. ఏడాది తిరిగేసరికి గుమ్మం దాటలేదు ఆవిడ. అలాంటి ఇళ్లు ఎన్ని చూశానో!

సియాటిల్‌లో ఈ పని నడుస్తున్న రోజుల్లోనే నొప్పి పరిశోధకులు రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం ప్రకటించారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటుందనీ, మెదడు నుంచి దిగే సంకేతాలు దాన్ని తెరవగలవు, మూయగలవనీ అందులో సారాంశం. భయం, నిద్రలేమి, ఒంటరితనం నొప్పిని పెంచుతాయంటే ఇక అది ఊరడింపు మాట కాదు, శరీరశాస్త్రం. లండన్‌లో సిసిలీ సాండర్స్ క్యాన్సర్ రోగుల దగ్గర ఇంచుమించు ఇదే మాట వేరే దారిలో చెప్తున్నారు. 1973లో సియాటిల్ పక్కన ఇసక్వాలో బొనికా అన్ని శాఖల వాళ్లనీ పోగేశాడు. నొప్పి అధ్యయనానికి అంతర్జాతీయ సంఘం పుట్టింది అక్కడే.

ఇంత చేసినాయన ఒళ్లు ఎలా ఉండేదో తెలుసా? కుస్తీల్లో అరిగిన భుజాలు, తుంట్లు, నలిగిపోయిన చెవులు. ఒకటి తర్వాత ఒకటి ఆపరేషన్లు. తనకి తన తోటి వైద్యులే నరాల సూదులు వేస్తే లేచి రోజుకి పదిహేను గంటలకు పైగా పనిచేసేవాడు. 1994 వేసవిలో ఎమ్మా పోయింది. నెల తిరిగీ తిరక్కుండానే ఆయనా పోయాడు.

ఆ నాటికే ఆయన కట్టిన పద్ధతికి చెదలు పట్టింది. సియాటిల్ కేంద్రంలో ఒక్కో రోగికి మూడు వారాల కార్యక్రమం. డాక్టరు, సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, నర్సు, ఉద్యోగ సలహాదారు అందరి జీతాలూ కలుస్తాయి. అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలు వీళ్లని విడివిడిగా చూశాయి. ఫిజియోథెరపీ ఇక్కడ, సైకాలజీ అక్కడ, చవకగా దొరికిన చోట చేయించుకోమన్నాయి. నలుగురు గంటసేపు ఒక రోగి గురించి మాట్లాడుకున్నదానికి బిల్లు రాసే గడి వాళ్ల ఫారంలో లేదు. సూదికి ఉంది, మాత్రకి ఉంది. 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది. అలవాటు పడే ప్రమాదం తక్కువని తప్పుగా ప్రచారం చేసినట్టు 2007లో దాని తయారీదారు కోర్టులో నేరం ఒప్పుకునేలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఇళ్లకి ఇళ్లే మాత్రలకి బానిసలయ్యాయి, నొప్పి క్లినిక్కులు వరసగా మూతపడ్డాయి.

అన్నీ పోలేదు. మేయో క్లినిక్‌లో 1974లో పెట్టిన పునరావాస కేంద్రం నిలబడింది. మాజీ సైనికుల ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఈ పద్ధతి మిగిలింది. దానికి నాకు తోచే కారణం ఒకటే. అక్కడ వైద్యం ఖర్చూ, మంచం పట్టినవాడికి జీవితాంతం ఇచ్చే పెన్షనూ ఒకే ఖజానాలోంచి పోతాయి. మూడు వారాల ఖర్చు పెట్టి మనిషిని లేపి నడిపిస్తే ఎంత మిగులుతుందో లెక్క కట్టుకోవలసిన అవసరం వాళ్లకే ఉంది.