షూకీ డ్రమ్ముకీ మధ్య

దిగువ అహోబిలంలో పొద్దు ఇంకా ఎక్కలేదు. ఇంటి ముందు నాపబండల మీద కారు కుడివైపు వెనక చక్రం గాల్లో ఉంది. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టాను. కారు గేరులో ఉంది కాబట్టి ముందు చక్రాలు కదలవు. హ్యాండ్ బ్రేకు మాత్రం పూర్తిగా దించేశాను. అది కాస్త లేచి ఉన్నా వెనక డ్రమ్ముల్లోని బ్రేకు షూలు ముందే విచ్చుకుని ఉంటాయి, ఎంత జాగ్రత్తగా చేసినా కొలత తప్పుతుంది.

"రాళ్లు గట్టిగా పెట్నావా?" నాయన గడపలోంచి అడుగుతున్నాడు.

"పెట్నా నాయనా. జాకీ పక్కన స్టాండు కూడా ఉంది. స్టెప్నీ కారు కిందికే తోసినా."

ఈ మధ్య బ్రేకు తొక్కితే పెడలు లోతుకు పోతోంది. వెంటనే మళ్లీ తొక్కితే పైకొచ్చి గట్టిగా నిలబడుతోంది. కాలికింద మెత్తగా ఉండుంటే పైపులో గాలి చేరిందనుకునేవాణ్ణి. ఇది అది కాదు. లైనర్లు అరిగి, వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది.

ఫాల్గుణ బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయి. ఆళ్లగడ్డ నుంచి చుట్టాలు దిగుతారు, ఎగువ అహోబిలం తీసుకుపొమ్మంటారు. ఎనిమిది కిలోమీటర్ల నల్లమల దారి. ఎక్కేటప్పుడు ఇంజనుకు కష్టం, దిగేటప్పుడు బ్రేకుకు. నిండా మనుషులతో మలుపు మలుపుకీ తొక్కుతూ వస్తే డ్రమ్ము కాలుతుంది, కాలిన ఇనుము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది. మైదానంలో పెడలు కాస్త దిగినా బండి ఆగుతుంది. అదే సందు వేడెక్కిన డ్రమ్ముతో కలిస్తే, దిగుడులో కాలికింద ఏమీ మిగలకపోవచ్చు. నా వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది. అందుకే ఈ పని రేపటికి వదలను.

మొదట ఆ వెనక టైరు లోపలి వైపు టార్చి వేసి చూస్తున్నాను. తడి ఉంటే ఆయిలు కారుతున్నట్టే, బిగింపు మాట అక్కడే ఆపేయాలి. తడి లేదు, దుమ్మే. దాన్ని నోటితో ఊదను, తడిగుడ్డతో తుడుస్తాను. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. లైనరు మందం కిందటిసారి డ్రమ్ము విప్పినప్పుడు చూసిందే, ఇంకా దండిగా ఉంది.

వెనక ప్లేటుకున్న రబ్బరు బిరడా ఊడింది. ఆ చిన్న కంతలోంచి, షూల ఎడం సరిచేసే స్టార్ వీల్ పళ్లు కనిపిస్తున్నాయి. స్క్రూడ్రైవర్ మొన పంటికి ఆనించి నొక్కాను. టిక్. ఇంకోటి. టిక్. చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తున్నాను. ఏ వైపు తిప్పితే బిగుస్తుందో బండిని బట్టి, కుడి ఎడమలను బట్టి మారుతుంది. చక్రం కాస్త బరువైందంటే వైపు సరైందే. ఒక్కో పంటికీ లోపలి కడ్డీ పొడుగవుతుంది, రెండు షూలూ డ్రమ్ము దగ్గరికి జరుగుతాయి.

ఇప్పుడు చక్రం కదలడం లేదు.

"నాయనా, లోపల కూర్చొని బ్రేకు తొక్కు. గట్టిగా."

"ఇంగా?"

"చాలు, వదిలేయ్."

ఆ తొక్కుడుకి షూలు సర్దుకుని నడిమధ్యకు వచ్చాయి. చక్రం మళ్లీ కాస్త కదిలింది. ఇంకో పన్ను బిగించాను, నాయన ఇంకోసారి తొక్కాడు. ఇక వెనక్కి వదలాలి. పళ్లను పట్టుకున్న చిన్న రేకును సన్నటి కమ్మీతో పక్కకు నెట్టి పట్టుకోకపోతే స్టార్ వీల్ వెనక్కి తిరగదు. బలవంతం చేస్తే పళ్లు అరిగిపోతాయి. చక్రం తిప్పుతూ, వింటూ, ఒక్కో పన్నూ వదులుతున్నాను. చాటలో బియ్యం చెరిగినట్టు సన్నటి సర్‌సర్ వినిపించేదాకా వదిలి, ఆపాను. తిప్పి వదిలితే చక్రం అడ్డం లేకుండా తిరగాలి, ఆ రాపిడి మాత్రం చెవికి అందాలి.

ఈ రాపిడిలోనే డ్రమ్ము బ్రేకు బలముంది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో దీనికి ఇప్పటి రూపమిచ్చాడు. షూ ఆనగానే తిరిగే డ్రమ్మే దాన్ని తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. మన కాలి బలానికి అది తోడు. ఆ పట్టు రెండు వైపులా సమంగా లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. అందుకే ఎడమ చక్రానికీ అదే ఓపిక కావాలి.

హ్యాండ్ బ్రేకు తీగ బిగించేస్తే పెడలు పైకొస్తుందిగా అంటారు చాలామంది. వస్తుంది. కానీ షూలు ఎప్పుడూ సగం విచ్చుకునే ఉంటాయి, తనంతట తాను బిగుసుకునే స్టార్ వీల్ పనిచేయడం మానేస్తుంది, డ్రమ్ము ఊరికే కాలుతుంది. ముందు షూలు, ఆ తర్వాతే తీగ. ఈ వరస ఎప్పటికీ మారకూడదు.

రెండో చక్రమూ అయింది. బిరడాలు పెట్టి, కారు దించి, పెడలు నాలుగైదుసార్లు తొక్కాను. పైనే నిలబడింది. హ్యాండ్ బ్రేకు అయిదో మెట్టు దగ్గర పట్టింది, తీగ జోలికి పోనక్కర్లేదు.

ఊరు దాటి ఆళ్లగడ్డ వైపు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ తొక్కాను. బండి తిన్నగా ఆగింది. ఇంకొంత దూరం బ్రేకు ముట్టకుండా నడిపి, పక్కన ఆపి దిగాను. వెనక చక్రాల దగ్గర అరచేయి ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టి చూస్తున్నాను. కుడిది చల్లగానే ఉంది. ఎడమవైపు వేడి తగులుతోంది. ఇంటికి పోయి మళ్లీ జాకీ ఎత్తి, ఆ పక్క ఒక పన్ను వదలాలి.