పొయ్యి, దీపము, మీటరు: కోయంబత్తూరు, మధుర తెలుగు కుటుంబముల యింధన వ్యయ చరిత్ర

దక్షిణదేశాంధ్రుల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర నేలవచ్చుటతో ఆరంభించి, తిరుమల నాయకుని మహలు వర్ణనతో ముగింతురు. పాలెగాండ్ర వంశావళులు, ఆలయ శాసనములు, ఆస్థాన కావ్యములు మన పరిశోధనకు ప్రధానాధారములైనవి. ఇది తప్పనుట లేదు. కాని ఆ మహలునకు సున్నము మోసిన కూలివాడు సాయంకాలము తన గుడిసెకు వచ్చి దేనితో పొయ్యి రాజవేసెను, ఎంత నూనెతో దీపము వెలిగించెను అను ప్రశ్న మన వ్యాససంపుటములలో కానరాదు. నాయకరాజుల వైభవమును గూర్చి విన్న చెవులతోనే, కరెంటు బిల్లు కట్టలేక వడ్డీకి తెచ్చితిమను మాటను గూడ మన వాడలలో వినుచున్నాము. ఆ రెండవ మాటకును చరిత్ర కలదు. దానిని యథాశక్తి యిచట నిరూపింప యత్నించెదను.

ముందుగా మన వారెవరో చెప్పుకొనవలెను. కోయంబత్తూరు సీమలో తెలుగు మాటాడువారనగానే మిల్లుల యజమానులైన నాయుళ్లే స్ఫురింతురు. లక్ష్మీ మిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు, పి.ఎస్.జి. ధర్మసంస్థల వంశమువారు, యంత్రనిపుణుడు జి.డి. నాయుడు మన సంఘములకు గర్వకారణములే. అయితే అదే సీమలో మగ్గము నమ్ముకొన్న దేవాంగులలో తెలుగువారు కలరు. చిల్లర వర్తకులైన బలిజలు కలరు. పల్లెలలో తోలుపని, పట్టణములలో పారిశుద్ధ్యపు పని చేయు అరుంధతీయులు వేలకొలది కలరు. మధుర వైపున కంబళత్తు నాయకులు, కమ్మవారు, రెడ్లు కరిసల్ నేలలలో వాన చూచి సేద్యము చేసినవారు. ఆ నల్లరేగడి తెలుగుపల్లె యెట్లుండెనో తెలియగోరువారు కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసిన ‘గోపల్ల గ్రామం’ నవలను చదువవచ్చును. తెలుగింట పుట్టి తమిళమున వ్రాసినవాడాయన. ఈ వ్యాసమున నాకు కావలసినవారు వీరిలో నెలతిరిగినంతనే చేతిలో పైసలు చాలనివారు.

వీరి పూర్వికులు ఇంధనమునకు రొక్కము చెల్లించుట చాల తక్కువ. పత్తి తీసిన పిదప చేలో నిలిచిన పత్తికట్టె, జొన్నకొయ్యలు, కొబ్బరిమట్టలు, తాటాకు, తుమ్మకంప, వీనికి తోడు పిడకలు ఇంటిపొయ్యికి చాలెడివి. దీపమునకు ఆముదము. రొక్కము లేకున్నను శ్రమ మాత్రము మిక్కుటముగా నుండెను. ఆ శ్రమ స్త్రీలదియు బాలికలదియు. పొదుపు పద్ధతులు వంటలోనే యిమిడియుండెను. రాగి, సజ్జ, జొన్న సంకటి సాయంకాలము ఒక్కసారి వండి, మిగిలినదానిని నీటిలో నుంచి మరునాటి యుదయము చద్దిగా త్రాగుదురు. ఒక పూట నిప్పు రెండు పూటల ఆకలి తీర్చెడిది. అన్నము దించిన పొయ్యిమీద స్నానపు నీళ్ల కుండ యెక్కును. దీని నిప్పుడు కొందరు వైద్యులు ఆరోగ్యాహారమని పొగడుచున్నారు. ఆరోగ్యము మాట యెట్లున్నను కట్టెలు మిగులుట నిక్కము.

కిరసనాయిలు వచ్చుటతో మొదటిసారి దీపము అంగటి సరకైనది. ఆముదపు ప్రమిద చేలోని గింజతో వెలుగును. బుడ్డిదీపము బర్మానుండి ఓడలో వచ్చిన నూనెతో వెలుగును. 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా నూనె కరవైనది. ఎన్నడును చూడని దేశమున జరిగిన యుద్ధము మధుర పల్లెలోని గుడ్డిదీపమును ఆర్పినది. ఇంటి వెలుగు లోకపు ధరలకు కట్టుబడినది అప్పటినుండియే యని నా యభిప్రాయము.

ఇక విద్యుత్తు. నీలగిరులలో పైకారా జలవిద్యుత్కేంద్రము 1932లో పని యారంభించెను; తీగలు కొండదిగి కోయంబత్తూరును చేరెను. 1937లో మెట్టూరు, 1944లో పాపనాశనము కేంద్రములు తోడైనవి. మిల్లులు పెరిగినవి. అదే 1937 ప్రాంతమున జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశీయమైన విద్యుత్ మోటారును తయారుచేసిరి. ఈ కథ మన సంచికలలో పలుమారు వ్రాయబడినదే కావున విస్తరింపను. ఆ మోటారు బావికడ చేసిన మార్పును మాత్రము నిదానముగా చూడవలెను.

కోయంబత్తూరు సీమ పడమటి కనుమల చాటున నున్నందున వాన తక్కువ. కంబోడియా పత్తికి బావినీరే దిక్కు. ఆ నీటిని కపిలతో ఎద్దులు తోడెను. కపిలకు తోలు బానను కుట్టి, చిరిగినప్పుడెల్ల బాగుచేసి, ప్రతిఫలముగా కళ్లమున ధాన్యము పుచ్చుకొన్నవారు తెలుగు మాటాడు మాదారులు, అనగా అరుంధతీయులు. స్వీడను దేశపు చరిత్రకారిణి గున్నెల్ సెడర్‌లోఫ్ ఈ సంబంధము తెగిన విధమును శ్రద్ధగా పరిశోధించినది. మనవారెవరును చేయని పని. విద్యుత్ పంపు వచ్చినంతనే తోలుబానతో పని లేకపోయెను. బాన పోగా కుట్టువాని ధాన్యపు వాటా పోయెను. కపిల ఎద్దులు తగ్గగా పేడ తగ్గెను, పిడకలు తగ్గెను. ఒక తీగ భూస్వామి చేనికి నీరు దెచ్చి, అదే ఊరిలో మరియొక తెలుగువాని జీవనమును, వాని భార్య పొయ్యిలోని పిడకను ఒక్కసారిగా తీసికొనిపోయినది. పిదప వా రనేకులు పట్టణము చేరి వీధులూడ్చు పనిలో కుదిరి, వరుసయిండ్లలో అద్దెకు నిలిచి, కట్టెలను కొనుట నేర్చిరి. వంటచెరకునకు వెల చెల్లించు తెలుగు బీదవాడు ఇట్లు పుట్టెనని చెప్పుట సాహసము కాదు. జి.డి. నాయుని ప్రతిభకు ఇది మచ్చ కాదు. యంత్రముయొక్క లెక్కపుస్తకమున రెండవ పుట యది.

పట్టణమున బీదల వంట పలువిధముల సాగెను. కోతమిల్లుల పొట్టును డబ్బాలో దట్టించి నడుమ రంధ్రము విడిచి కాల్చు పొట్టుపొయ్యి, బొగ్గుల కుంపటి, ఒత్తుల స్టవ్వు, చౌకదుకాణపు కిరసనాయిలు. పొగ మాట తలచినవారు తక్కువ. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్.పి. రాజు 1953 నాటికే పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, కోట్లాది వంటిండ్లకు పొగ తొలగించు మార్గమును గ్రంథరూపమున ప్రకటించెను. మధురకు సమీపమున టి. కల్లుపట్టి గాంధీనికేతనమున తన చివరి యేండ్లు గడిపిన జె.సి. కుమారప్పయు గ్రామపు పొయ్యిని దేశార్థికశాస్త్రమునకు తగిన విషయముగా నెంచినవాడే. ఈ యిద్దరి మాటలు వినుటకు దేశము చాలకాలము తీసికొనినది. కేంద్రప్రభుత్వపు మెరుగైన పొయ్యిల పథకము 1980లలో గాని రాలేదు.

మధుర, రామనాథపురము మెట్టలలో బీదల పొయ్యిని నిలిపినది మరియొక వస్తువు. తమిళులు సీమకరువేల మనియు, మన ఆంధ్రదేశమున సర్కారు తుమ్మ యనియు పిలుచు ముండ్లచెట్టు 1870లలో జమైకా విత్తనముతో కడప సీమలో మొదట నాటబడినది. అచటినుండి దక్షిణమునకు వ్యాపించి, ఎండిన చెరువుగట్టులను, బీళ్లను ఆక్రమించెను. నీటిని పీల్చునని రైతు దానిని తిట్టును. దాని బొగ్గుతో బ్రతుకువారు దానిని విడువలేరు. 2017లో మదరాసు ఉన్నత న్యాయస్థానపు మధుర ధర్మాసనము ఈ చెట్లను పెరికివేయుమని ఆదేశించినప్పుడు, నీటిని గూర్చిన వాదము పత్రికలనిండ నుండెను. ఏరుకొన్న కంపతో వండుకొనువారి వాదమునకు అంత చోటు దొరకలేదు.

ధరల పోరాటము మొదట లేచినది గృహములనుండి కాదు, బావులనుండి. 1957 జూలై 1న విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన పిమ్మట పంపుసెట్టులు వేగముగా పెరిగినవి. 1970లో యూనిటు ధరను పైసలలో పెంచగా కోయంబత్తూరు సీమ రైతులు తిరుగబడిరి. తిరుప్పూరు కడ పెరుమానల్లూరులో జూన్ 19న పోలీసు కాల్పులలో ముగ్గురు రైతులు మరణించిరి. 1972లో వైయంపాళయమునకు చెందిన తెలుగు రైతు సి. నారాయణస్వామి నాయుని నాయకత్వమున ఎద్దుబండ్లు కోయంబత్తూరు వీధులను నింపి నగరమును స్తంభింపజేసినవి. మోటారు వచ్చి కపిలనుండి విడిపించిన యెద్దులే మోటారు కరెంటు ధర తగ్గింపుమని నగరమునకు నడచివచ్చుట చరిత్రలో అరుదైన దృశ్యము. 1984లో చిన్న రైతులకును, 1990లో రైతులందరకును పొలపు కరెంటు ఉచితమైనది. నారాయణస్వామి నాయుడు 1984లోనే కీర్తిశేషుడయ్యెను. ఈ విజయమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. అయినను భూమి లేనివానికి ఈ యుచితము చేరలేదు. వాని యింటి మీటరు తిరుగుచునే యుండెను.

ఆ మీటరు క్రమముగా వేగము పెంచినది. 1955లో కోయంబత్తూరున పి. సభాపతి విద్యుత్ రుబ్బురోలును నిర్మించెను. ఇడ్డెనపిండి రుబ్బుచు స్త్రీ గడపిన గంటలను మిగిల్చిన యీ యంత్రమును నేను పైన చెప్పిన మోటారుకంటె మిన్నగా నెంతును. 2006 తరువాత ప్రభుత్వము టెలివిజనును, 2007 నుండి గ్యాసుపొయ్యిని, 2011 తరువాత మిక్సీని, గ్రైండరును, ఫ్యానును ఉచితముగా పంచెను. వస్తువు ఉచితమైనను అది త్రాగు కరెంటు ఉచితము కాదు. సిలిండరు కథయు నిట్టిదే. 2016లో ఉజ్జ్వల పథకము బీదయింటికి గ్యాసు కనెక్షను నిచ్చినది. 2022 నాటికి సిలిండరు వెల వేయి రూపాయలు దాటినది. నేడు మన వాడలలో తేనీటికి, తాలింపునకు గ్యాసు. బియ్యమునకు, వేడినీళ్లకు పెరటిలో మూడురాళ్ల పొయ్యి. ఇది వెనుకబాటు కాదు, లెక్క.

కరెంటు లెక్కయు ఇట్లే తెలిసికొనదగినది. తమిళనాట రెండునెలల కొకమారు బిల్లు వచ్చును. 2016 మే నుండి మొదటి 100 యూనిట్లు ఉచితము. 2022 సెప్టెంబరు 10 పట్టిక ననుసరించి 200 యూనిట్లు వాడిన యింటికి పూర్వము 170 రూపాయలుండగా 225 అయినది. 500 యూనిట్లకు 1130 నుండి 1725 అయినది. అచటనే యొక గొయ్యి కలదు. 500 దాటినంతనే, 101 మొదలు 200 వరకు గల యూనిట్లకు 2 రూపాయల 25 పైసల ధర పోయి 4 రూపాయల 50 పైసల ధర పడెను. ఆ పట్టిక ప్రకారము 501 యూనిట్లు వాడినవాడు 1958 రూపాయలు చెల్లింపవలసివచ్చెను. ఆ యొక్క యూనిటు వెల 233 రూపాయలన్నమాట. పైసల పెంపునకు బండ్లు కట్టుకొని వచ్చిన ఊరిలో ఈ 233 రూపాయలను గూర్చి వీధికి వచ్చినవారిని నేను చూడలేదు. బండికి ఎద్దులున్నవి, అద్దెయింటివానికి మీటరే తన పేర లేదు. 2024 జూలైలో ధరలు మరల కొంత పెరిగినవి.

మీటరు తన పేర లేకుండుట చిన్న విషయము కాదు. వరుసయిండ్లలో యజమాని ఉపమీటరు పెట్టి, యూనిటునకు తాను నిర్ణయించిన ఒకే ధర వసూలు చేయుట సర్వసాధారణము. అట్టిచోట ఉచితమైన నూరు యూనిట్లు కాగితముమీదనే నిలిచిపోవును. నేతగానికి కొంత మేలు జరిగినది: 2023లో చేనేతకు రెండునెలల ఉచితము 200 నుండి 300 యూనిట్లకును, మరమగ్గమునకు 750 నుండి వేయికిని పెంచబడినది. సొంత కనెక్షను గల దేవాంగుడు దీనిని పొందును. ఒకరి మగ్గముమీద కూలికి నేయువాడు తన యింటి దీపమునకు తానే చెల్లించును. 2012లో దినమున పండ్రెండు గంటలకు పైగా కరెంటు పోయిన కాలమున మగ్గము నిలిచిన దినములకు కూలియు లేదు, క్రొవ్వొత్తులకు ఖర్చు మాత్రము తప్పలేదు.

ఇండ్లలోని సర్దుబాట్లు పుస్తకమున లేవు, చూచినవానిని వ్రాయుచున్నాను. నాలుగు దినములకు చాలు పిండిని ఒక్కసారి రుబ్బుట. పప్పును రాత్రియే నానవేయుట. వేసవిలో అందరును ఒకే ఫ్యాను క్రింద పడుకొనుట. మీటరు చదువుటకు మనిషి వచ్చు దినమును గుర్తుంచుకొని, 500 సమీపించినచో ఆ వారము ఇస్త్రీ మానుట. మా తరగతి పిల్లలను మీటరునకు తెలుగుమాట చెప్పుమనగా నవ్విరి. అందున్న అంకెను చదువుమనగా అందరును చదివిరి. పొయ్యి, పిడక, చద్ది అను మాటలు ఇండ్లలో ఇంకను నిలిచియున్నవి, ఆ వస్తువులు నిలిచియుండుటచేత.

చరిత్రకారునకు ఈ విషయమున ఒక యాధారము చేతికందు దూరమున నున్నది. బోర్డువారు ఇంటింటికి ఇచ్చిన తెల్లయట్టలో మీటరు అంకె, వాడిన యూనిట్లు, చెల్లింపవలసిన మొత్తము, తేదీతో సహా చేతివ్రాతతో నెక్కెడివి. ఇప్పుడు లెక్క చేతిఫోనునకు సందేశముగా వచ్చుచుండగా అట్టలను పారవేయుచున్నారు. ఒక్క వీధిలోని యట్టలను వరుసగా పేర్చినచో ఏ యేట ఏ యింటికి టెలివిజను వచ్చెనో, ఏ యేట కరవు వచ్చెనో, ఏ నెల బిల్లు కట్టక తీగ కత్తిరింపబడెనో తెలియును. మన సంఘ గ్రంథాలయపు తాళపత్రముల బీరువా క్రింది అర యింకను ఖాళీగానే యున్నది.