ఫ్లష్ ట్యాంకు చెమర్చడం: కారణాలు, నివారణ

ఉక్కపోత ఎక్కువగా ఉండే వేసవి రోజుల్లో మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు వెలుపలి గోడల మీద నీటి బిందువులు పట్టి, అవి ఒకదానితో ఒకటి కలిసి ధారకట్టి నేల మీదికి కారడాన్ని ట్యాంకు చెమర్చడం అంటారు. అమెరికాలోని ప్లంబర్లు కూడా దీనికి చెమట అనే మాటనే వాడతారు. చూడడానికి ట్యాంకు కారుతున్నట్టే ఉన్నా, ఆ నీరు ట్యాంకులోనిది కాదు, గదిలోని గాలిది. నివారణ ఆలోచన అంతా ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడుతుంది. వేసవిలో మట్టికుండ వెలుపల కనిపించే చెమ్మతో దీన్ని పోల్చడం సరికాదు, ఎందుకంటే కుండలోని నీరు మట్టిలోని సూక్ష్మ రంధ్రాల గుండా ఊరి బయటికి వస్తుంది, పైన మెరుగుపూత ఉన్న పింగాణీ గోడ గుండా నీరు ఊరదు.

గాలిలో ఆవిరి రూపంలో ఉన్న తేమ చల్లని ఉపరితలాన్ని తాకి ద్రవంగా మారడాన్ని సాంద్రీకరణం అనీ, ఏ ఉష్ణోగ్రత వద్ద ఆ మార్పు మొదలవుతుందో దానిని తుషార స్థానం అనీ అంటారు. మంచు బిందువులు ఆకాశం నుంచి రాలుతాయా, నేలలోంచి పైకి లేస్తాయా అన్న పాత వాదానికి, దక్షిణ కరొలీనాలోని ఛార్ల్‌స్టన్‌లో 1757లో పుట్టి లండన్‌లో వైద్యుడిగా స్థిరపడిన విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రచురించిన గ్రంథంలో, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిన వస్తువు మీదనే మంచు పడుతుందని ప్రయోగాలతో చూపి, సమాధానం చెప్పాడు. ఫ్లష్ ట్యాంకుకు వర్తించేదీ అదే సూత్రం. ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి ఇముడ్చుకోగల తేమలో ఎంత శాతం నిజంగా ఉన్నదో తెలిపేది సాపేక్ష ఆర్ద్రత; గది ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 70 శాతం అయినప్పుడు తుషార స్థానం సుమారు 21 డిగ్రీలు. ట్యాంకులోకి వచ్చే నీరు 11 డిగ్రీలు ఉంటే పింగాణీ గోడ కూడా దాదాపు అంతే చల్లబడుతుంది కనుక, గోడ చెమర్చక తప్పదు.

ఈ సమస్య అమెరికా ఈశాన్య, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో బాగా ఎక్కువ. భూమిలో పది మీటర్లకు మించిన లోతున ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సాలీనా సగటుకు దగ్గరగా ఏడాది పొడవునా నిలకడగా ఉంటుంది కాబట్టి, మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ రాష్ట్రాల బావినీరు జూలైలో కూడా 10 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగానే వస్తుంది. పైన గాలి మాత్రం మెక్సికో అఖాతం నుంచి వచ్చిన తేమతోనూ, అయోవా, ఇల్లినాయ్ మొక్కజొన్న చేలు విడిచే ఆవిరితోనూ బరువెక్కి ఉంటుంది. ఆంధ్ర తీరంలో గాలి తేమ అంతకన్నా తక్కువేమీ కాకపోయినా అక్కడ ట్యాంకు చెమర్చదు, ఎందుకంటే భూగర్భజలమే వెచ్చన, ఆపైన అది డాబా మీది ట్యాంకులో ఎండకు కాగి దిగుతుంది. అందుకే న్యూజెర్సీకో మిచిగన్‌కో కొత్తగా కాపురం మారిన తెలుగు కుటుంబాలకు టాయిలెట్ పక్కన నిలిచిన నీరు తొలి వేసవిలో ఏదో పైపు పగిలినట్టే తోచడం సహజం.

అనుమానం తీర్చుకోవడానికి ట్యాంకు నీటిలో వంటకు వాడే రంగు కొంచెం కలిపి, అరగంట పాటు ఫ్లష్ చేయకుండా ఉంచాలి. నేల మీద చేరిన నీటికి రంగు ఉంటే ట్యాంకు పగిలిందనో, బోల్టుల దగ్గరి వాషర్లు అరిగాయనో అర్థం. నీరు తేటగా ఉంటే అది గాలిలోని తేమే. అదే పరీక్షలో రంగు నీరు కమోడ్ గిన్నెలోకి దిగితే, ట్యాంకు అడుగున నీటిని ఆపే రబ్బరు మూత, అంటే ఫ్లాపర్, సరిగా మూసుకోవడం లేదన్నమాట. ఈ చిన్న లోపం చెమ్మకు పెద్ద కారణం అవుతుంది: నిలకడగా ఉన్న నీరు కొన్ని గంటల్లో గది వేడికి చేరుకుని చెమర్చడం ఆగవలసి ఉండగా, మూత కారుతున్నంతసేపూ కొత్త చల్లనీరు లోపలికి వస్తూనే ఉంటుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే కనుక మరమ్మతు ఇక్కడే మొదలుకావాలి. పాత కమోడ్‌కు బదులు కొత్తది పెట్టుకోవడం కూడా మేలు చేస్తుంది. 1992 నాటి ఇంధన విధాన చట్టం ప్రకారం 1994 నుంచి అమెరికాలో ఇళ్లకు తయారయ్యే కమోడ్‌లు ఒక ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే సుమారు 6 లీటర్లు, మించకూడదు, అంతకు ముందువి రెట్టింపుకు పైగా వాడేవి; వచ్చే చల్లనీరు తగ్గిన కొద్దీ పట్టే చెమ్మా తగ్గుతుంది.

గాలిని పొడిగా ఉంచడం వినడానికి సులువే గాని, ఆచరణలో మెలిక ఉంది. స్నానపు ఆవిరిని ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి పంపుతుంది, కానీ అది లాగిన గాలి స్థానంలోకి బయటి ఉక్కగాలే వస్తుంది. కిటికీ తెరవడమూ అలాంటి రోజున మేలు కన్నా కీడే చేస్తుంది. ఎయిర్ కండిషనర్ గదిని 24 డిగ్రీలకు, ఆర్ద్రతను 50 శాతానికి దింపితే తుషార స్థానం సుమారు 13 డిగ్రీలకు పడిపోతుంది, దానితో చెమ్మ చాలావరకు ఆగుతుంది. ఏసీ లేని ఇళ్లలో ఈ పనిని డీహ్యూమిడిఫయర్ చేస్తుంది.

అంతకన్నా నమ్మదగిన మార్గం గోడను వెచ్చగా ఉంచడం. ట్యాంకు లోపలి గోడలకు, అడుగుకు అర అంగుళం మందం గల ఫోమ్ పలకలు అతికిస్తే చల్లనీరు పింగాణీని నేరుగా తాకదు; మొదట చెప్పిన 27 డిగ్రీల, 70 శాతం ఆర్ద్రత గదిలోనే గోడ వెలుపలి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల నుంచి సుమారు 23కు పెరిగి తుషార స్థానాన్ని దాటుతుందని ఉష్ణవహన లెక్క చెబుతుంది. అయితే ఆర్ద్రత 85 శాతానికి పోతే తుషార స్థానం 24 దాటుతుంది కనుక అప్పుడు మళ్లీ కొంత చెమ్మ పడుతుంది. ట్యాంకును ఖాళీ చేసి, పూర్తిగా ఆరనిచ్చి, నీటికి చెడని జిగురుతో అతికించి, అది గట్టిపడేదాకా నీరు పట్టకుండా ఆగకపోతే పలకలు ఊడి ఫ్లాపర్‌కు అడ్డం పడతాయి. బయట తొడిగే గుడ్డ తొడుగులు తేమను పీల్చి బూజుకు నెలవవుతాయి గాని చెమ్మను ఆపవు.

మూడో మార్గం ట్యాంకుకు వెళ్లే చల్లనీటిలో వేడినీటిని కలిపే మిశ్రమ వాల్వు. 50 డిగ్రీల వేడినీటిని 11 డిగ్రీల నీటితో కలిపి 22 డిగ్రీలకు తేవాలంటే నాలుగో వంతుకు పైగా, అంటే 6 లీటర్ల ఫ్లష్‌కు దాదాపు 1.7 లీటర్ల వేడినీరు కావాలి. హీటరు దూరంగా ఉన్న ఇళ్లలో గొట్టంలో చల్లారి నిలిచిన నీరే ముందు ట్యాంకుకు చేరుతుంది, అందుచేత వాల్వు ఉన్నా ఫలితం తక్కువ. ఇంధన ఖర్చు కూడా తోడవుతుంది కనుక దీన్ని చివరగా ఎంచుకోవడమే సబబు.

అద్దె ఇంట్లో ఈ మార్పులకు వీలులేనివారు ట్యాంకు కింద తట్ట పెట్టి, రోజూ పారబోసి, నేలను పొడిగా తుడవాలి. అమెరికా ఇళ్ల నేల కింద చాలాచోట్ల ప్లైవుడ్ ఉంటుంది. తడిసిన చెక్కను 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది, ఏళ్ల తరబడి తడిస్తే కుళ్లి కమోడ్ కదులుతుంది. కమోడ్ చుట్టూ నేల కాలికి మెత్తగా తగిలితే యజమానికి వెంటనే తెలియజేసి, కింది చెక్కను మార్పించుకోవాలి.