గాలి దారి, కూటి దారి



మన మెడలో రెండు గొట్టాలున్నాయి. ముందున్నది శ్వాసనాళం, అంటే గాలి దారి. దాని వెనుకది అన్నవాహిక, అంటే కూటి దారి. తల్లి కడుపులో మొదట ఒక్కటిగా ఉండి, రెండు నెలలు నిండేలోపే ఇవి విడిపోతాయి. ఎక్కడో మూడు, నాలుగు వేల కాన్పులకు ఒక బిడ్డలో ఈ విడిపోవడం సరిగా జరగదు. చాలామందిలో అన్నవాహిక పైముక్క సంచిలా మూసుకుపోతుంది, కింది ముక్క పోయి గాలి దారికి అతుక్కుంటుంది. మింగిన ఉమ్మి పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపులోని పులుపు కూడా కిందినుంచి అక్కడికే ఎగదన్నుతుంది.

ఈ లోపాన్ని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. మూసుకుపోయిన అన్నవాహికను గురించి 1670లో విలియం డర్‌స్టన్ రాశాడు. అది గాలి దారితో కలిసిపోవడాన్ని 1697లో థామస్ గిబ్సన్ వర్ణించాడు. ఇద్దరూ ఇంగ్లండువారే. జబ్బు తెలిసింది గాని, ఆ తర్వాత 240 ఏళ్ళపాటు మందు దొరకలేదు. 1939లో అమెరికాలో లెవెన్, లాడ్ అనే ఇద్దరు సర్జన్లు, వేర్వేరు ఊళ్ళలో, విడతలవారీ ఆపరేషన్లతో బిడ్డలను బతికించారు. 1941లో మిషిగన్ రాష్ట్రంలో కామెరాన్ హైట్ పన్నెండు రోజుల ఆడపిల్లకు ఒకే ఆపరేషన్‌లో రెండు ముక్కలనూ కలిపి కుట్టాడు. కుట్టు దగ్గర కొంత కారినా అది మానింది, పిల్ల బతికింది.

అయితే ఛాతీ కోసి ఎముకల నడుమ దారి చేసుకోవాలి. పిల్లలు ఎదిగాక కొందరికి భుజం దిగిపోవడం, వెన్ను వంగడం కనిపించాయి. అందుకే చిన్న రంధ్రాల పద్ధతి వచ్చింది. 3 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడు చేసి, ఒకదానిలో కెమెరా, మిగిలినవాటిలో పనిముట్లు దూర్చి, అతుకు విడదీసి అన్నవాహికను కుడతారు. 1999లో బెర్లిన్‌లో లోబ్, రోథెన్‌బర్గ్ గాలి దారితో అతుకు లేని బిడ్డకు దీన్ని చేశారు. మరుసటి ఏడు రోథెన్‌బర్గ్ అతుకున్న బిడ్డకూ చేశాడు. 2005లో ఆరు ఆసుపత్రులు కలిసి 104 మంది శిశువుల వివరాలు ప్రకటించాయి. వారిలో 5 మందికి మాత్రమే మధ్యలో ఛాతీ తెరవవలసి వచ్చింది. మరీ బరువు తక్కువున్న బిడ్డకు, గుండె జబ్బున్న బిడ్డకు పాత పద్ధతే మేలు కావచ్చు. అనుభవమున్న సర్జనూ, మత్తు డాక్టరూ ఉంటేనే కొత్తది.

మన వైపు మదురై వైద్య కళాశాల 1954లో, తిరునెల్వేలిది 1965లో, విరుదునగరానిది 2022లో మొదలయ్యాయి. కోవిల్‌పట్టి నుంచి మదురైకి సుమారు 100 కిలోమీటర్లు. విరుదునగరం ఆ దారికి నడుమ ఉంది. సర్జను చేతికి బిడ్డ చేరేలోపు గడిచే గంటలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

పుట్టిన బిడ్డ నోట నురగ ఆగకుండా వస్తున్నా, పాలు పట్టగానే పొలమారి నీలబడినా ఆలస్యం కూడదు. నర్సమ్మ నోట్లోంచి మెత్తని గొట్టం దించితే 10 సెంటీమీటర్ల దగ్గరే అది ఆగిపోతుంది. ఎక్స్‌రేతో సంగతి తేలుతుంది. అటువంటి బిడ్డకు నోట ఏమీ పోయకూడదు. తల కాస్త ఎత్తుగా ఉంచి, ఉమ్మి లాగేస్తూ, వెచ్చగా కప్పి తీసుకుపోవాలి.

పురిటి బిడ్డ నాలుక మీద తేనెచుక్క, చక్కెర నీళ్ళు వేయడం మన ఇళ్ళలో అవ్వలు ప్రేమతో చేసే పని. ఆ ప్రేమను కాదనలేం. కాని ఈ బిడ్డకు ఆ చుక్కే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఏ బిడ్డకైనా మొదట పట్టవలసింది తల్లిపాలే. అవీ పొలమారితే ఆపి, వెంటనే డాక్టరును పిలవండి. 1941 నుంచి సర్జన్లు నేర్చుకున్న విద్య మన బిడ్డకు అందేది అప్పుడే.