గ్రహాల ఇళ్లు – ఇంటి యజమానులు

దోహాలో మన తెలుగు ఇంట బిడ్డ పుడితే ఊళ్లో పెద్దలు జాతకం వేయించి పంపడం నేటికీ ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు ఆ చక్రాన్ని చూచి, "వేర్వేరు గళ్లలో ఉన్న గ్రహాలకు పరస్పర సంబంధం ఎట్లా?" అని అడుగుతున్నారు. ఫలితాలు నిజమా, కాదా అన్న వాదన జోలికి మేము పోము. ఈ ఏర్పాటు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడమే మా ఉద్దేశం.

మీ ఇంటి జాతకం ముందుంచుకోండి. కుడి అంచున నడుమ రెండు గళ్లు కర్కాటకం, సింహం. అవి చంద్ర సూర్యుల ఇళ్లు. వాటికి పైమూల మిథునం, కిందిమూల కన్య బుధుడివి. అక్కడ నుండి ఎడమకు జరిగితే వృషభ తులలు శుక్రుడివి, మేష వృశ్చికాలు కుజుడివి, ఎడమ మూలల్లోని మీన ధనుస్సులు గురుడివి, వాటి నడుమ కుంభ మకరాలు శనివి. చురుకు నడక బుధుడు మొదలు మందగమనుడు శని వరకు వరుస తప్పలేదు. ఈ పంపకంలో రాహుకేతువులకు ఇల్లు దక్కలేదు.

పరాయి ఇంట ఉన్న గ్రహానికి ఆ ఇంటి యజమాని బలాబలాలు అంటుతాయట. అద్దె ఇళ్లలో ఉండే మనకు ఈ సంగతి వేరే చెప్పాలా! కుజుడు ధనుస్సులోను, గురుడు మేషంలోను ఉంటే ఒకరి ఇంట ఒకరున్నట్లు. దానిని పరివర్తన యోగమన్నారు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ ఇదే పంపకాన్ని వివరించాడు. ఎండలు ముదిరే నెలల రాశులు సూర్య చంద్రులకు, వాటికి ఎదురుగా ఉన్న చలి రాశులు శనికి అన్నాడు. యవనుల ఈ విద్యను 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో దాపరికం లేకుండా వాడుకున్నాడు. మేషాన్ని 'క్రియ' అనీ, సింహాన్ని 'లేయ' అనీ గ్రీకు పేర్లతోనే పేర్కొన్నాడు. 'కేంద్రం' కూడా ఆ భాష నుండి వచ్చినదే. కేంద్ర ప్రభుత్వం అనేటప్పుడు మనకది తోచదు!

అదే విద్య 9వ శతాబ్దంలో బాగ్దాదులో అబూ మాషర్ వంటివారి చేతుల్లో పెరిగింది. రాశ్యధిపతి అక్కడ 'సాహిబ్ అల్ బైత్', అనగా ఇంటి యజమాని. తరువాత అది తాజికమన్న పేరుతో భారతదేశం చేరింది. 1587లో నీలకంఠుడు రాసిన తాజిక గ్రంథంలో లగ్నాధిపతి, కార్యాధిపతి కలయికకు 'ఇత్థశాలం' అని పేరు. అది అరబ్బీ 'ఇత్తిసాల్', అనగా కలయిక. ఖతార్‌లో మనం రోజూ వినే భాషలోని మాట మన తాతల జాతకాల్లో ఎన్నడో చేరింది.

ఒక్క జాగ్రత్త. జాతకం వేయించేవారు పుట్టిన వేళతోపాటు పుట్టిన చోటు కూడా రాసి పంపాలి. మన గడియారం భారతదేశం కంటే రెండున్నర గంటలు వెనుక. వేళను సరిగా మార్చినా, దోహాకు బదులు హైదరాబాదు లెక్కలు పట్టుకుంటే లగ్నం సుమారు 27 భాగలు ముందుకు జరుగుతుంది. రాశి 30 భాగలే కనుక, మేష లగ్నంలో పుట్టిన బిడ్డకు తరచు వృషభ లగ్నం పడుతుంది. గ్రహాలు ఉన్న ఇళ్లలోనే ఉంటాయి గాని, లగ్నాధిపత్యం కుజుడి చేతి నుండి శుక్రుడికి పోతుంది.