మిద్దెలమీది తీగలు

ఆంధ్రదేశమున టెలివిజన్ మొదట పట్టణమునకు వచ్చి పిదప పల్లెకు పోయినదని తలచువారు పొరబడుదురు. జరిగినది దీనికి విపర్యయము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, నాసావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమును ఎరవు తెచ్చుకొని, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆఱు రాష్ట్రములలోని రమారమి 2,400 గ్రామములకు నేరుగా ఆకాశము నుండి చిత్రములను దింపిన 'సైట్' ప్రయోగమున ఆ ఆఱింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళగూళ్ళకు వాడు ఇనుపవలతో అల్లిన, మూడు మీటర్ల వెడల్పుగల డిష్‌ను నిలిపి, ఊరివారు దాని చెంత గుమిగూడి తెలుగు కార్యక్రమములను చూచిన ఆ సంవత్సరమున హైదరాబాదు మహానగరమునకు సొంత టెలివిజన్ ప్రసారకేంద్రము లేదు. ఆ ఊళ్ళలోని టెలివిజన్ పెట్టెలను నిర్మించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మాత్రము హైదరాబాదు సంస్థయే అగుట ఈ కథలోని చమత్కారము.

1977లో రామంతాపూరునందు దూరదర్శన్ కేంద్రము వెలసిన పిదప నగరవాసి తన యాంటెనాను ఆ కేంద్రపు ప్రసారస్తంభమువైపు త్రిప్పి నిలుపుకొనవలసివచ్చెను. ఆ ప్రసారమునకు వాడిన తరంగములు ఇంచుమించు సరళరేఖలోనే పయనించునవి. ఎదుట కొండ యున్నచో దాని చాటున బొమ్మ పలుచబడును, గొప్ప భవనమున్నచో దానికి తగిలి మరలి వచ్చిన తరంగము అసలు తరంగముకంటె లిప్తపాటు వెనుకగా చేరి, తెరమీది మనుష్యుని ప్రక్క మఱియొక మసక మనుష్యుని నిలుపును. జపాను ఆచార్యులైన ఉడా, యాగీలు 1926 ప్రాంతమున కల్పించిన యాంటెనాయే, అల్యూమినియం గొట్టములను చేపముల్లువలె పేర్చిన రూపముతో, బండలకు పుట్టినిల్లయిన ఈ నగరపు మిద్దెలన్నిటిపైని మొలచెను. గొట్టము త్రిప్పువాడు పైన నొకడు, తెర చూచి కేకవేయువాడు నట్టింట నొకడు, నడుమ మెట్లపై నిలిచి ఆ కేకను అందించు పిల్లవాడొకడు, ఇట్లు మువ్వురి శ్రమ లేనిదే వార్తలు కుదురుగా కనబడని ఇండ్లు కొల్లలు. అయినను ఈ పద్ధతిలో ఒక ఔదార్యము కలదు: స్తంభము చాటినదానిని ఎందఱందుకొనిరో స్తంభమునకు తెలియదు, ఒక్క ఇల్లు చూచినను లక్ష ఇండ్లు చూచినను దానికగు వ్యయమొక్కటే. 1982 ఆగస్టు 15 నుండి రంగులును జాతీయ కార్యక్రమమును, మఱుసటి యేట ఇన్‌శాట్-1బియు వచ్చినవి గాని, టెలివిజన్ విషయమున ఆ ఉపగ్రహము సామాన్య గృహముల కొఱకు గాక ముఖ్యముగా దేశమందలి స్తంభములకు కార్యక్రమమును అందించుటకు ఉపయోగపడెను.

గృహములకు వేఱొక త్రోవ తెఱచిన ఉపగ్రహపు చరిత్ర విచిత్రమైనది. 1984 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ నుండి విడువబడిన వెస్టార్-6, తన్ను పైకి మోయవలసిన రాకెట్టు సరిగా మండకపోవుటచే, ఉద్దిష్టకక్ష్యను చేరలేక భూమికి దాపుననే చిక్కుపడెను. ఆ నవంబరులో డిస్కవరీ నౌకలోని వ్యోమగాములు దానిని ఒడిసిపట్టి భూమికి దించగా, ఆ పరిత్యక్తవస్తువును హాంగ్‌కాంగ్ సంస్థ యొకటి కొని, బాగుచేయించి, ఏషియాశాట్-1 అని క్రొత్తపేరు పెట్టి, 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్టుమీద మరల నింగికెక్కించెను. స్టార్ టీవీ 1991లోను, జీ టీవీ 1992 అక్టోబరు 2నను దాని వీపుననే సవారి చేసినవి. ఒక దేశమువారు పోగొట్టుకొన్నదానిని వేఱొక దేశమువారు ఎగురవేయగా మూడవ దేశమువారి సాయంకాలములు మాఱిపోయిన ఈ ఉదంతమునకు మన పాఠ్యపుస్తకములలో చోటు దొరకకపోవుట విచారకరము.

అయితే ఆ ప్రసారమునందుకొను డిష్ నాడు సామాన్యగృహస్థు కొనగలిగిన వస్తువు కాదు. 1980ల నడుమనే బొంబాయివంటి నగరముల అంతస్తుల భవనములలో ఒక వీసీఆర్ నుండి ఇంటింటికి తీగలు లాగి సినిమాలు చూపు వర్తకము కలదు. ఆ తీగకే ఇప్పుడు డిష్ తోడయ్యెను. కంట్రోల్ రూమని ఘనముగా పిలువబడిన స్థలము పెక్కుచోట్ల మిద్దెమీది చిన్నగదియే. వెలుపల, ఆగ్నేయపు దిక్కున 36,000 కిలోమీటర్ల యెత్తుననున్న ఉపగ్రహమువైపు చూచు డిష్. అది పోగుచేసిన అత్యల్పశక్తిని పెంచి, దాని తరంగమును తీగలో పయనింపగల స్థాయికి దించు ఎల్ఎన్‌బీ. లోపల, ఛానెలునకొక రిసీవరును, ఒక మాడ్యులేటరును. మాడ్యులేటరు పని ఒక్కొక్క ఛానెలును ఒక్కొక్క పౌనఃపున్యముపై కూర్చుండబెట్టుట. అట్లు వేఱువేఱు పీఠములెక్కిన వానినన్నిటిని ఒక్క కోయాక్సియల్ కేబుల్‌లోనికి కలిపి వీథిలోనికి విడుచుదురు.

ఇక్కడినుండియే అసలు కష్టము. తీగ పొడుగు పెరిగినకొలది అందలి శక్తి క్షీణించును. పౌనఃపున్యము హెచ్చినకొలది క్షయమును హెచ్చును, కావున వీథి చివరి యింట తక్కువ సంఖ్యగల ఛానెళ్ళు తేటగాను, ఎక్కువ సంఖ్యగలవి చుక్కలతోను వచ్చుచుండెను. దీనికి విఱుగుడుగా నడుమ నడుమ యాంప్లిఫయర్లను బిగింపగా, అవి బొమ్మతోపాటు చుక్కలను గూడ పెంచుచు, తాము మఱికొన్నింటిని చేర్చుచుండెను. యాంప్లిఫయరునకు కరెంటు కావలెను. ఆ కరెంటును ఇచ్చిన గృహస్థు ఊరికి పోవుచు మెయిను కట్టివేసినచో, అటుపై వీథియంతయు సీరియలు నడుమ చీకటియగును. మిద్దె మిద్దెకు దుముకుచు, గోడలు దాటుచు, నిచ్చెన భుజమున మోయుచు ఈ చిక్కులు సవరించినవాడు కేబుల్ కుఱ్ఱవాడు. ముప్పదియాఱువేల కిలోమీటర్ల దూరమును రాజ్యములును శాస్త్రజ్ఞులును దాటించిరి. మిగిలిన నూఱు గజములను దాటించినవాడితడు. టెలివిజన్ చరిత్రకారులు మొదటివారి పేర్లే వ్రాయుదురుగాని, నగరమునకు సంబంధించినంతవఱకు రెండవవాడే ప్రధానపురుషుడని నా అభిప్రాయము.

చట్టము కేబుల్ ఆపరేటరును ఆలస్యముగా గుర్తించెను. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టము ఈ తీగలకు వర్తించునా యను వివాదము రాజస్థాన్ హైకోర్టు వఱకు పోయి, వర్తించునని 1993లో తీర్పు రాగా, 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సును, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టమును వెలువడినవి. దాని ప్రకారము 2025 వఱకు కేబుల్ ఆపరేటరు తన పేరు నమోదు చేయించుకొనవలసి వచ్చినది హెడ్ పోస్టాఫీసులో! ఆకాశము నుండి వచ్చు బొమ్మలకు ఉత్తరముల శాఖవారు ముద్ర వేయుట నవ్వు పుట్టించునదే యైనను, నాడు ప్రతి వీథిని ఎఱిగిన ప్రభుత్వశాఖ అంతకంటె వేఱొకటి లేదు. ఆ 1995లోనే ఈటీవీ, జెమిని వచ్చి చేరుటతో తెలుగిండ్లలో కేబుల్ నిత్యావసరమయ్యెను.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. పెద్ద సంస్థలు కంట్రోల్ రూములను మ్రింగివైచి, నగరమున కొక్క కేంద్రము నుండి గాజుపోగులలో వెలుగుగా మార్చిన సంకేతమును పేటపేటకు పంపి, వీథిలోని తీగను మాత్రము పాత ఆపరేటరునకు విడిచిపెట్టినవి. హైదరాబాదు, విశాఖపట్టణములకు డిజిటల్ మార్పిడికై ప్రభుత్వము విధించిన గడువు 2013 మార్చి 31. వెనుక ఒక్క ఛానెలు పట్టిన జాగాలో పది పండ్రెండు ఇమిడినవి. చుక్కలు పోయినవి, కాని సంకేతము తగ్గినప్పుడు బొమ్మ క్రమముగా మసకబాఱుటకు మాఱుగా చదరములై విఱిగి ఒక్కసారిగా నిలిచిపోజొచ్చెను. ఈ మార్పిడికై ఇంటింట పెట్టించిన సెట్‌టాప్ బాక్సు బొమ్మ కొఱకని చాటిరిగాని, దాని ముఖ్యప్రయోజనము లెక్క: అంతవఱకు తన క్రింద ఎన్ని ఇండ్లున్నవో ఆపరేటరు చెప్పినదే సంఖ్య, ఛానెళ్ళవారికి ముట్టినది ఆ సంఖ్యకు తగినంతయే. 2003 నుండి, ఇంటిమీది చిన్నడిష్ లోనికే ఉపగ్రహప్రసారమును నేరుగా దింపు డీటీహెచ్ వచ్చి తీగనే తొలగింపజూచినను, జోరువాన కురిసినప్పుడు ఆ చిన్నడిష్ చేతులెత్తివేయుటయు, పిలిచిన గంటలో వచ్చు మనిషి వీథిలోనే యుండుటయు కేబుల్‌ను నిలిపినవి.

ఈ తీగలు మిద్దెలు దిగి విద్యుత్ స్తంభములను ఆశ్రయించుట మాత్రము మంచికి రాలేదు. వానికే ఇంటర్నెట్ తీగలును తోడై కట్టలుకట్టలుగా వ్రేలాడుచుండగా, 2025 ఆగస్టులో హైదరాబాదు నగరమున కృష్ణాష్టమి శోభాయాత్రలో రథమునకు విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిరి. అంతట విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభములపై చుట్టుకొన్న తీగలను కోసివేయ నారంభించిరి; వ్యవహారము హైకోర్టునకెక్కెను. స్తంభమెవరిది, దానిపై తీగ వ్రేలాడదీయుటకు అనుమతి ఎవరివ్వవలెను, అద్దె యెవరికి చెల్లవలెను అను ప్రశ్నలు, మొదటి తీగ వీథి దాటిన ముప్పది యేండ్ల తరువాత న్యాయమూర్తుల బల్లమీదికి వచ్చినవి.