కాగితంపై లేని ఆనకట్ట

నది అడుగున గట్టి రాయి దొరికినచోట ఆనకట్ట కట్టడం ఒక తీరు. ఎంత త్రవ్వినా ఇసుకే తగిలేచోట కట్టడం మరొక తీరు. ధవళేశ్వరం వద్ద గోదావరి ఈ రెండవ తరగతికి చెందుతుంది. అక్కడ నది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలి ఉన్నది. 1833 ప్రాంతపు కరువుకు, 1839 నాటి తుఫానుకు చితికిపోయిన ఆ సీమకు కాలువనీరు తప్ప వేరు దిక్కు లేకపోయింది. కాని ఇసుకమీద కట్టిన గోడ వరదకు నిలుస్తుందా?

1844లో గోదావరిని పరిశీలించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఈ ప్రశ్నకు జవాబును అంతకుముందే కావేరి తీరాన నేర్చుకొని ఉన్నాడు. తంజావూరు సీమలోని కల్లణ ఆనకట్టను కరికాల చోళుడు కట్టించినట్లు ప్రతీతి. దాని పొడవు 1,080 అడుగులు, వెడల్పు 40 నుండి 60 అడుగులు. దానికి పటాలు లేవు, కొలతల పట్టీ లేదు, పునాది లోతు చెప్పే శాసనం లేదు. ఉన్న సాక్ష్యమల్లా అది శతాబ్దాలుగా నిలిచి ఉండడమే.

అయితే నిలిచి ఉండడం వేరు, ఎందుకు నిలిచినదో తెలియడం వేరు. కారణం తెలియనిదే మరొకచోట అట్టిది కట్టరాదు. 19వ శతాబ్దిలో తూములు అమర్చడానికి కల్లణను తొలిచినప్పుడు లోపల కనిపించినది మట్టిలో పేర్చిన మొరటు రాళ్లు మాత్రమే. దీనినిబట్టి పూర్వుల పద్ధతిని ఊహించవచ్చును. వరద ఇసుకను కోసివేసినకొద్దీ రాళ్లు క్రిందికి దిగుతాయి. పైన మరల రాళ్లు వేస్తారు. నీటి కోత చేరలేని లోతుకు దిగిన పిమ్మట రాళ్లు కదలవు. అనగా పునాది లోతును నిర్ణయించేది మనిషి కాదు, నదియే!

ఊహను పరీక్షించనిదే నమ్మరాదు. 1836లో కొల్లిడం నదిపై ఎగువ ఆనకట్ట ఇసుకపైననే లేచింది. అది నిలిచినది. కాని కొత్త చిక్కును కూడ చూపినది: కావేరి పాయలోనికి నీరు ఎక్కువై అడుగు కోసుకుపోసాగింది. దానిని అరికట్టడానికి 1840 దశకంలో అక్కడ మరొక అడ్డుకట్ట వేయవలసివచ్చింది.

ఈ అనుభవంతో 1847లో ధవళేశ్వరం పని మొదలైనది. అనారోగ్యంవల్ల 1848లో కాటన్ సెలవుపై వెళ్లగా కెప్టెన్ ఓర్ పనిని నడిపించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు కలిసి 11,880 అడుగులు, అనగా రెండుంబావు మైళ్లు. ముందుగోడకు బావుల పునాది, దిగువన విడిరాళ్ల పరుపు. 1852లో కట్టడం ముగిసింది. వరద తగ్గిన తరువాత రాళ్లు ఎక్కడ దిగినవో చూచి, మరల నింపడం నిర్వహణలో భాగమైనది. తాను పూర్వుల కట్టడంనుండి నేర్చినానని కాటన్ స్వయంగా ఒప్పుకొన్నాడు.

1982లో 175 తలుపుల కొత్త బారేజి పూర్తియై పాతదాని పనిని స్వీకరించింది. వ్రాతలేని కట్టడాన్ని ఎదుర్కొనే ఇంజనీరుకు ఈ కథ మూడు పనులు చెప్పుచున్నది: తెరచి చూడు, కారణం ఊహించు, ఆ ఊహను చిన్న పనిలో పరీక్షించు. నాలుగవది కూడ కలదు. తేలినదానిని వ్రాసిపెట్టు, తరువాతివాడు మరల తొలిచి చూడనక్కరలేదు.